నూట ఇరవై వోల్టుల పెట్టె

ప్లగ్గుకీ గోడకున్న సాకెట్‌కీ మధ్య జానెడు దూరం ఉంది. ప్రభుదాసు చెయ్యి ముందుకు కదిలింది.

"మాస్టారండీ, ఆపండి!"

చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఆంప్లిఫయర్ వెనకాల నేలమీద బోర్లా పడుకుని, సెల్‌ఫోన్ లైటు వేసుకుని, రేకు మీద అక్షరాలు చదువుతోంది నూకరత్నం.

"నూట ఇరవై వోల్టులని రాసుందండి. మన గోడలో వచ్చేది రెండొందల ముప్ఫై. పెట్టారంటే బొగ్గైపోద్ది."

కొల్లాబత్తుల ప్రభుదాసు ప్లగ్గుని పసిబిడ్డని పడుకోబెట్టినంత నెమ్మదిగా కిందపెట్టాడు. చొక్కా చేతితో నుదురు తుడుచుకున్నాడు. ఏడు నెలలు ఓడల మీదా రేవుల్లోనూ తిరిగి, ఆ ఉదయమే కాకినాడ చేరిన పెట్టె అది. అమెరికాలో ఎక్కడో సంగీతాభిమానుల సంఘం ఒకటి, ప్రభుదాసు రాసిన ఉత్తరం చదివి, ఉచితంగా పంపింది. ఆ పెట్టె కాలిపోతే అతని విభాగం కూడా దాంతోపాటే పోతుంది.

ఎందుకంటే సాగరతీర ప్రభుత్వ వాద్య శిక్షణాలయంలో ఒక నియమం ఉంది. ఏటా ఒకసారి కమిషనర్ గారు తనిఖీకి వస్తారు. ఆడిటోరియంలో చివరి వరసలో, మధ్య కుర్చీలో కూర్చుంటారు. ఒక్కో విభాగం మూడేసి నిమిషాలు వాయిస్తుంది. కమిషనర్ గారి చేతిలో ఉన్న కాగితంలో రెండే గడులు ఉంటాయి. 'వినబడినది'. 'వినబడలేదు'. ఎలా వాయించారన్న గడి లేదు. వరసగా రెండేళ్లు 'వినబడలేదు' అని పడితే ఆ విభాగం మూసేస్తారు. నాదస్వరం, డోలు, డప్పు ఏటా అవలీలగా నెగ్గుతున్నాయి. వీణ విభాగం మూడేళ్ల కిందటే మూతపడింది. వీణ మాస్టారు ఇప్పుడు డప్పు విభాగంలో హాజరు తీసుకుంటున్నారు.

నిరుడు ప్రభుదాసు నేర్పే గిటార్‌కి 'వినబడలేదు' అని పడింది.

తనిఖీకి ఇంకా నలభై ఒక్క రోజులున్నాయి. విభాగంలో విద్యార్థులు పదకొండు మంది. వాళ్లలో ఆఖరి సంవత్సరం చదువుతున్నది సూరాడ నూకరత్నం ఒక్కతే. రోజూ ఉప్పాడ నుంచి రెండు ఆటోలు మారి వస్తుంది. డిప్లొమా చేతికొస్తే విశాఖపట్నంలో ఒక స్కూల్లో సంగీతం టీచరు ఉద్యోగం ఇస్తామన్నారు. విభాగం మూతపడితే డిప్లొమా ఇవ్వడానికి ఎవరూ ఉండరు.

"ఇప్పుడేం చేద్దాం రత్నం?"

"స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ అని ఉంటదండి. చిన్న ఇనప డబ్బా. ఇటు రెండొందల ముప్ఫై ఎక్కితే అటు నూట పది దిగుద్ది. పది అటూ ఇటూ అయినా ఈ పెట్టెకేం కాదు. ఇది నూట ఎనభై వాట్లు తింటది. ఐదొందల వాట్లది తెచ్చుకుంటే వేడెక్కకుండా ఆడుద్ది. మెయిన్ రోడ్‌లో దొరుకుద్దండి. అన్నం టైముకి తెచ్చేత్తాను."

ఆ మాటతో కథ అక్కడికి అయిపోవలసింది. కానీ ప్రభుదాసు నిజాయితీపరుడు.

"ఉండమ్మా," అన్నాడు. "ఆఫీసులో ఒక మాట అడిగొస్తాను."

*

సూపరింటెండెంట్ అయినాపురపు కామేశ్వరి గారి వెనక మూడు బీరువాల నిండా సర్క్యులర్లు ఉంటాయి. ఆవిడ వాటిని ఎప్పుడూ తెరవరు. అవసరం లేదు.

"మీ విద్యార్థిని సొంతంగా తెచ్చే వస్తువా?" కళ్లజోడు పైనుంచి చూశారు ఆవిడ. "సొంత వస్తువు ప్రభుత్వ కరెంటును తాకరాదు. సెల్‌ఫోన్ చార్జర్ల విషయంలో వచ్చిన మెమో. ఇంకా అమల్లోనే ఉంది."

"అయితే ఆఫీసు తరఫున కొనండమ్మా. చిన్న డబ్బా."

"కొత్త విద్యుత్ పరికరాల కొనుగోలుపై నిషేధం."

"మరి ఈ ఆంప్లిఫయర్ కూడా విద్యుత్ పరికరమే కదండీ?"

"అది కొనలేదు. వచ్చింది. వచ్చిన దానిపై నిషేధం లేదు."

"ట్రాన్స్‌ఫార్మర్ కూడా ఎవరైనా పంపిస్తే?"

"పంపుతారా?"

"మళ్లీ ఏడు నెలలు పడుతుందమ్మా. తనిఖీ నలభై ఒక్క రోజుల్లో ఉంది."

కామేశ్వరి గారి మొహంలో జాలి కనబడింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఏ ఉద్యోగి ఏ కష్టంతో వచ్చినా దానికి సరిపోయే ఫైలు తెరిచి పంపుతారని పేరు.

"డైరెక్టర్ గారి దృష్టికి తీసుకెళతాను," అన్నారు. "కమిటీ వేయిస్తాను. మీరు దిగులు పెట్టుకోకండి."

సరిగ్గా అప్పటినుంచే దిగులు పెట్టుకోవలసిందని ప్రభుదాసుకి తరవాత అర్థమైంది.

*

'వోల్టేజీ సమన్వయ సంఘం' రెండో రోజు సమావేశమైంది. అధ్యక్షుడు డైరెక్టర్ గంధం వీరభద్రరావు గారు. సభ్యులు కామేశ్వరి గారు, భవనాల విద్యుత్ చూసే అసిస్టెంట్ ఇంజినీర్ పినిశెట్టి గోపాలం. ప్రత్యేక ఆహ్వానితుడు ప్రభుదాసు. ప్రత్యేక ఆహ్వానితులు మాట్లాడకూడదు. టీ తాగవచ్చు.

గోపాలం లేచి నిలబడ్డాడు. సన్నగా, హుషారుగా ఉంటాడు. ఏ సమస్యనైనా ఇటుకలు, ఇనుము ఉన్న పరిష్కారంగా మార్చగల సమర్థుడు.

"సార్, సమస్యని సమగ్రంగా పరిశీలించాను. ఆంప్లిఫయర్ కోరేది నూట ఇరవై. భవనం ఇచ్చేది రెండొందల ముప్ఫై. రెండింటికీ పొంతన లేదు. అంటే రెండింట్లో ఒకదానిలో దోషం ఉండాలి. ఆంప్లిఫయర్‌లో లేదు. అది విదేశాల్లో పరీక్షించి పంపిన వస్తువు. కనక..."

"కనక?" డైరెక్టర్ గారు ముందుకు వంగారు.

"దోషం భవనంలో ఉంది సార్."

కామేశ్వరి గారు ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

"అంటే," డైరెక్టర్ గారి గొంతు తగ్గింది, "ఇన్నాళ్లుగా మనం..."

"అవసరానికి మించి నూట పది వోల్టులు అదనంగా స్వీకరిస్తున్నాం సార్. ఎవరూ గమనించలేదు."

డైరెక్టర్ గారు తలెత్తి ట్యూబ్ లైట్ల వైపూ, ఫ్యాన్ల వైపూ చూశారు. కొత్తగా అనుమానంగా చూశారు.

ప్రభుదాసు టీ గ్లాసు కింద పెట్టాడు. "అయ్యా, నేను చెప్పేది ఏంటంటే, చిన్న డబ్బా ఒకటి..."

"ప్రత్యేక ఆహ్వానితులు," గుర్తుచేశారు కామేశ్వరి గారు.

"కొత్త పరికరాలపై నిషేధం ఉంది," గోపాలం కొనసాగించాడు. "కానీ భవన దోషాల మరమ్మతుపై నిషేధం లేదు. గేటు దగ్గర ఒక పెద్ద స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ నిలబెడదాం. మొత్తం భవనాన్నే కిందికి దించేద్దాం. ఆంప్లిఫయర్ ఏ గదిలో పెట్టినా ఆడుతుంది. డైరెక్టర్ గారి గదిలో పెట్టినా ఆడుతుంది."

ఆ చివరి మాట డైరెక్టర్ గారికి బాగా నచ్చింది.

ఇద్దరు సరఫరాదారులు కొటేషన్ ఇచ్చారు. మొదటివాడు రెండొందల ముప్ఫైని నూట ఇరవైకి దించుతానన్నాడు. రెండోవాడు నూట పదికి దించుతానన్నాడు. కమిటీ రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. అతి తక్కువ కోట్ చేసినవాడికే ఇవ్వాలన్నది నిబంధన. నూట ఇరవై కంటే నూట పది తక్కువ. రెండోవాడికి ఇచ్చారు.

ప్రభుదాసు బయటికొచ్చి తేలిగ్గా ఊపిరి వదిలాడు. ఎలాగైతేనేం, నూట పది వస్తుంది. చాలు.

*

ఇలాంటి పనికి ఆ శిక్షణాలయంలో మామూలుగా రెండేళ్లు పడుతుంది. ఇది పంతొమ్మిది రోజుల్లో అయిపోయింది. మంచినీళ్ల కుళాయికి అడ్డుపడేవాళ్లు ఉంటారు గానీ, భవనాన్ని కిందికి దించడానికి అడ్డుపడాలని ఎవరికీ తోచలేదు.

గేటు పక్కన సిమెంటు దిమ్మ లేచింది. దాని మీద ఏనుగు పిల్లంత ఆకుపచ్చ ట్రాన్స్‌ఫార్మర్ కూర్చుంది. డైరెక్టర్ గారు కొబ్బరికాయ కొట్టి స్విచ్ వేశారు.

నాదస్వరం గదిలో ఫ్యాను రెక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకునేంత నెమ్మదిగా తిరిగాయి. ట్యూబ్ లైట్లు రెండుసార్లు కన్నుకొట్టి మానేశాయి. డైరెక్టర్ గారి గదిలో ఏసీ ఒక మూలుగు మూలిగి పడుకుంది.

గిటార్ గదిలో మాత్రం నూకరత్నం మీటరు ముళ్లని సాకెట్‌లో పెట్టి చూసి, వెనక్కి తిరిగి నవ్వింది.

"నూట పదండి మాస్టారూ!"

"పెట్టు మరి."

ఆంప్లిఫయర్ మీద ఎర్ర దీపం వెలిగింది. నూకరత్నం గిటార్‌ని ఒళ్లోకి తీసుకుని వైరు తగిలించింది. లోపల బోలుగా ఉండి, తీగల కింద వాటి నాదాన్ని పట్టి వైరులోకి పంపే పికప్ ఉన్న గిటార్ అది. ఒక్క తీగ మీటింది.

ఆ గదిలో ఎన్నడూ అంత శబ్దం పుట్టలేదు. ఆ తీగ గోడ దాటింది, వరండా దాటింది. అవతల ముప్ఫై మంది డప్పు కొడుతున్న గదిలోకి వెళ్లింది. డప్పులు ఆగిపోయాయి. ముప్ఫై మంది కిటికీల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. మూతపడ్డ వీణ విభాగం మాస్టారు కూడా హాజరు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చారు.

"ఏటి ప్రభుదాసూ, ఇది మన పిల్లేనా వాయించేది?"

"మన పిల్లేనండి."

నూకరత్నం ఏడు నిమిషాలు వాయించింది. ఇరవై రెండేళ్లుగా ప్రభుదాసు నేర్పుతున్న వాయిద్యం, మొదటిసారి వరండా దాటి వెళ్లి, మనుషుల్ని తీసుకుని వెనక్కి వచ్చింది. అతను గోడవైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఎనిమిదో నిమిషంలో డైరెక్టర్ గారి గది నుంచి పిలుపు వచ్చింది. ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"గోపాలం! ఏమిటయ్యా ఇది, ఉడికిపోతున్నాం!"

"అది ఊహించిందే సార్," అన్నాడు గోపాలం. "ఫ్యాన్లు, లైట్లు, ఏసీలు పాత దోషానికి అలవాటు పడిపోయాయి. ఒక్కోదాన్నీ మళ్లీ పైకి ఎక్కించాలి. ప్రతి సాకెట్ దగ్గరా, ప్రతి ఫ్యాను దగ్గరా ఒక స్టెప్-అప్ పెట్టె బిగిద్దాం. నూట పదిని రెండొందల ముప్ఫై చేస్తుంది."

"కొత్త పరికరాలపై నిషేధం?"

"ఇది మరమ్మతుకి మరమ్మతు సార్."

కామేశ్వరి గారు ఒక్క క్షణం కళ్లు మూసుకుని, మనసులోనే మూడు బీరువాలూ వెతికి, తల ఊపారు. "అభ్యంతరం లేదు."

*

రెండొందల పద్నాలుగు పెట్టెలు వచ్చాయి. తనిఖీకి ఆరు రోజుల ముందు వాటిని బిగించడం మొదలైంది. ఫ్యాన్లు తిరిగాయి. ఏసీ లేచింది. ఒక్కో పెట్టె నుంచి సన్నగా రొద. వరండాలో నడుస్తుంటే తేనెటీగల గూట్లోకి వెళ్లినట్టుంది.

నాలుగో రోజు పనివాళ్లు గిటార్ గదికి వచ్చారు.

"ఇక్కడ వద్దు బాబూ!" ప్రభుదాసు సాకెట్‌కి అడ్డంగా నిలబడ్డాడు. "ఈ గదికి నూట పదే కావాలి. అసలీ గొడవంతా ఈ గది కోసమే."

"మాకు లిస్టిచ్చారండి. లిస్టులో ఉంది."

ప్రభుదాసు, నూకరత్నం పరుగున ఆఫీసుకి వెళ్లారు. గోపాలం అక్కడే ఉన్నాడు.

"ఒక్క గదికి వద్దంటే ఎలా మాస్టారూ?" అన్నాడు నొచ్చుకుంటూ. "అన్ని విభాగాలూ సమానం. నాదస్వరానికి ఇచ్చి గిటార్‌కి ఇవ్వకపోతే రేపు వివక్ష అంటారు."

"మేమే వద్దంటున్నాం కదండీ!"

"సమానత్వాన్ని వద్దనే హక్కు విభాగాలకి లేదు," అన్నారు కామేశ్వరి గారు. "మినహాయింపు కోరవచ్చు. తొంభై రోజులు పడుతుంది."

"తనిఖీ రెండ్రోజుల్లో ఉందమ్మా."

"తనిఖీకి కూడా మినహాయింపు కోరవచ్చు. దానికి నూట ఇరవై రోజులు."

నూకరత్నం అంతవరకూ గుమ్మంలో నిలబడి వింటోంది. లోపలికి వచ్చింది.

"ఇంజినీర్ గారండీ, ఒక్క మాట. పెట్టె బిగించాక మా సాకెట్‌లో ఎంతొస్తదండి?"

"రెండొందల ముప్ఫై. పక్కా."

"మా ఆంప్లిఫయర్‌కి కావలసింది?"

"నూట ఇరవై."

"మరి దాన్ని ఆడించాలంటే ఏటి కావాలండి?"

గోపాలం కొంచెం ఆలోచించాడు. అతనిలో ఇంజినీరు ఇంకా బతికే ఉన్నాడు. "స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చిన్నది చాలు."

"ఇప్పించండి మరి."

"ఎలా ఇస్తాం?" అన్నాడు గోపాలం. "కొత్త పరికరాలపై నిషేధం ఉంది కదా."

నూకరత్నం అతని వైపు చూసింది. కామేశ్వరి గారి వైపు చూసింది. బల్ల మీదున్న రెండొందల పద్నాలుగు పెట్టెల జాబితా వైపు చూసింది.

"మాస్టారూ, ఎల్దారి రండి," అంది.

*

తనిఖీ రోజు. ఉదయం పదకొండు.

ఆడిటోరియంలో నలభై ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతున్నాయి. గోడల వెంట యాభై పెట్టెలు రొద పెడుతున్నాయి. కమిషనర్ గారు పొట్టిగా, తొందరగా ఉన్నారు. పన్నెండున్నరకి పిఠాపురంలో ఇంకో తనిఖీ ఉంది. చివరి వరసలో మధ్య కుర్చీలో కూర్చుని కాగితం తొడ మీద పెట్టుకున్నారు.

డోలు వినబడింది. డప్పు వినబడింది. నాదస్వరం పిఠాపురం దాకా వినబడి ఉండాలి.

"గిటార్!" పిలిచారు కామేశ్వరి గారు.

వేదిక మీద కుర్చీలో నూకరత్నం. పక్కన ఆంప్లిఫయర్. గిటార్ నుంచి దానికి వైరు. ఆంప్లిఫయర్ నుంచి ఇంకో వైరు బయల్దేరి, ప్రభుదాసు వీపు వెనకాల మాయమైంది. ప్లగ్గు అతని పిడికిట్లో ఉంది. సాకెట్‌కి నాలుగడుగుల దూరంలో నిలబడి, ఎవరూ చూడకుండా దాన్ని పట్టుకుని ఉన్నాడు. ఆంప్లిఫయర్ లేకుండానే వాయించాలి. వినబడదని తెలుసు. కానీ పెట్టె అయినా మిగులుతుంది.

గోపాలం చూశాడు.

"ఏంటి మాస్టారూ, ప్లగ్గు పెట్టలేదే!" వేదిక ఎక్కేశాడు. "కమిషనర్ గారు చూస్తున్నారు."

"వద్దండి," ప్రభుదాసు పెదాలు కదలకుండా అన్నాడు. "కాలిపోద్దండి."

"కాలితే రిపేరు కిందకి వస్తుందిలెండి. రిపేరుకి నిషేధం లేదు."

ప్లగ్గు లాక్కున్నాడు. ప్రభుదాసు వైరు పట్టుకున్నాడు. ఇద్దరూ నవ్వు మొహాలతో కమిషనర్ గారి వైపు చూస్తూనే గుంజుకున్నారు. గోపాలం వయసులో చిన్నవాడు. ప్లగ్గు సాకెట్‌ని చేరింది. అతని వేలు స్విచ్ మీద పడింది.

అదే క్షణంలో, చివరి వరసలో చెమట తుడుచుకుంటున్న కమిషనర్ గారిని చూసి, డైరెక్టర్ గారు ప్యూన్‌కి సైగ చేశారు. ప్యూన్ ఆడిటోరియంలోని నాలుగు ఏసీలూ ఒకేసారి వేశాడు.

గేటు దగ్గర ఆకుపచ్చ ట్రాన్స్‌ఫార్మర్ బ్రేకరు ఢామ్మని పడిపోయింది.

గోపాలం వేలు స్విచ్ నొక్కింది. ఏమీ కాలేదు. లైట్లు పోయాయి. ఏసీలు పోయాయి. పెట్టెల రొద తెగిపోయింది. నలభై ఫ్యాన్లు నెమ్మదిగా, ఇంకా నెమ్మదిగా తిరిగి, ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

ఆ హాలు కట్టాక కమిషనర్ గారి ఎదుట ఫ్యాన్లు ఆగడం అదే మొదటిసారి. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎవరో మింగిన గుటక వినబడింది.

"కానివ్వండి," చివరి వరస నుంచి కమిషనర్ గారి గొంతు వచ్చింది. "నాకు టైం లేదు."

గోపాలం గేటు వైపు పరిగెత్తాడు.

నూకరత్నం మాస్టారి వైపు చూసింది. అతను తల ఊపాడు. ఆమె వాయించింది.

ఆ నిశ్శబ్దంలో గిటార్ ఎవరి సాయమూ లేకుండా లేచింది. ముందు వరస దాటింది, పదో వరస దాటింది. వేలు తీగ మీద జారిన చప్పుడు కూడా వెనక తలుపు దాకా వెళ్లింది. కమిషనర్ గారు కాగితం మీదనుంచి తలెత్తారు. అలాగే ఉండిపోయారు.

ప్రభుదాసు వినడం లేదు. అతని చెవులు గేటు దగ్గరున్నాయి. కరెంటు వస్తే సాకెట్‌లో రెండొందల ముప్ఫై. స్విచ్ వేసే ఉంది. మూడు నిమిషాల పాటలో రెండో నిమిషం గడిచింది. బయట ఇనుప తలుపు కిర్రుమంది. గోపాలం గొంతు, "వేసేస్తున్నా!"

ప్రభుదాసు కమిషనర్ గారికి వంగి నమస్కారం పెడుతున్నట్టు ముందుకి కదిలి, కాలి బొటనవేలికి వైరు మెలిపెట్టి ఒక్క లాగు లాగాడు. ప్లగ్గు ఊడింది. అర సెకను తరవాత యాభై పెట్టెలూ గుయ్‌మన్నాయి.

అప్పటికే కమిషనర్ గారు గడిలో టిక్కు పెట్టేశారు.

*

నివేదిక నాలుగో రోజు వచ్చింది. డైరెక్టర్ గారు అందరినీ పిలిచి చదివించారు.

"గిటార్ విభాగం: వినబడినది. విభాగము కొనసాగించవలెను. పరిశీలన: సదరు విదేశీ ఆంప్లిఫయర్ ప్లగ్గు సాకెట్‌లో ఉండగా, విద్యుత్ సరఫరా పూర్తిగా లేని సమయమున అద్భుతముగా పనిచేసినది. సరఫరా పునరుద్ధరించిన వెంటనే దాని శబ్దము తగ్గినది. కావున సదరు పరికరమునకు కావలసిన వోల్టేజీ సున్నా అని తేలుచున్నది. తగు ఏర్పాటు చేయవలెను."

ప్రభుదాసుకి మొదటి రెండు వాక్యాలే వినబడ్డాయి. నూకరత్నం పక్కన నిలబడి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

గోపాలం అప్పటికే లేచి నిలబడ్డాడు. "రెండొందల ముప్ఫైని సున్నాకి దించే ట్రాన్స్‌ఫార్మర్‌కి టెండరు పిలుద్దాం సార్. ఒక సౌలభ్యం ఏమిటంటే, ఈసారి అంతకంటే తక్కువ కోట్ చేసేవాడు ఉండడు."

"దానికి ముందు," అన్నారు కామేశ్వరి గారు, "విభాగాధిపతి ధ్రువీకరణ కావాలి. ఆంప్లిఫయర్ సున్నా వోల్టుల వద్ద సక్రమంగా ఉంటుందని. ప్రభుదాసు గారూ, రాసివ్వండి."

కాగితం ముందుకొచ్చింది. అలా పనిచెయ్యదని రాస్తే నివేదిక తప్పవుతుంది. నివేదిక తప్పయితే అందులో ఉన్న టిక్కు కూడా తప్పే. పదకొండు మంది పిల్లలు, ఒక డిప్లొమా, ఇరవై రెండేళ్లు. ప్రభుదాసు కలం తీశాడు. చాలాసేపు ఆలోచించి ఒకే వాక్యం రాసి, సంతకం పెట్టాడు.

వరండాలోకి వచ్చాక నూకరత్నం ఆగింది.

"మాస్టారూ, మీరు అబద్ధం రాయరు కదండీ. ఏటి రాశారు?"

"సున్నా వోల్టుల దగ్గర ఆ పెట్టె ఎప్పటికీ కాలిపోదని రాశాను."

నూకరత్నం నవ్వింది. నవ్వి, ఏదో తట్టినట్టు గిరుక్కున వెనక్కి తిరిగి ఆఫీసులోకి వెళ్లింది.

"అమ్మగారండీ, కరెంటు అక్కర్లేని వస్తువుని విద్యుత్ పరికరం అంటారా అండి?"

కామేశ్వరి గారి కలం ఆగింది. ఇది ఆవిడకి ఇష్టమైన రకం ప్రశ్న. "అనరు. సున్నా వోల్టులంటే విద్యుత్ పరికరాల రిజిస్టర్‌లో ఉండటానికి వీల్లేదు." ఆవిడ పెద్ద పుస్తకం తెరిచి, స్కేలు పెట్టి ఒక అడ్డగీత గీశారు. ఇంకో పుస్తకం తెరిచారు. "చెక్కతో చేసింది, నాలుగు పలకలు, కింద రబ్బరు కాళ్లు. ఫర్నిచర్."

"ఫర్నిచర్ ఇంటికి పట్టుకెళ్లొచ్చా అండి? సాధన కోసం?"

"ఆఖరి సంవత్సరం విద్యార్థులకి ఒక స్టూలు లేదా తత్సమానమైనది ఇవ్వవచ్చు. పరీక్షలయ్యేదాకా." ఆవిడ గేటు పాసు రాశారు. 'తత్సమానమైనది: ఒకటి.'

గేటు దగ్గర ప్రభుదాసు ఒకవైపు, ఆటోవాడు ఒకవైపు పట్టి పెట్టెని ఆటోలోకి ఎక్కించారు. వాచ్‌మన్ పాసు చూసి, పెట్టె చూసి, పక్కకి తప్పుకున్నాడు.

"రత్నం, ఐదొందల వాట్లదే తీసుకో," ప్రభుదాసు గొంతు తగ్గించి అన్నాడు. "చిన్నది తీసుకుంటే వేడెక్కుద్ది."

"తెలుసండి."

*

పన్నెండు రోజుల తరవాత కామేశ్వరి గారు ప్రభుదాసుని పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు.

"మీ విభాగం మీద ఫిర్యాదు. వివరణ ఇవ్వాలి."

ప్రభుదాసు నిలబడే చదివాడు. ఉప్పాడలో సాయంత్రం వేళల్లో ఈ శిక్షణాలయానికి చెందిన ఫర్నిచర్ నుంచి సంగీతం వెలువడుచున్నట్లు తెలియవచ్చినది. ఒడ్డుకు అర మైలు దూరమున వల లాగుచున్న మూడు పడవలవారు పని ఆపి వినుచున్నారు. వేటకు అంతరాయము కలుగుచున్నది. ఫర్నిచర్‌కు ఇట్టి లక్షణము ఎట్లు కలిగినదో వివరించవలెను.

అతను కాగితం చివరిదాకా వెళ్లి, మళ్లీ మధ్యకి వచ్చాడు. ఒక చోట వేలు పెట్టాడు.

"అర మైలని రాశారాండీ?"

"అలాగే రాశారు."

"సముద్రం చప్పుడు ఉంటది కదండీ అక్కడ. కెరటాలు, గాలి."

"ఉంటుంది. అయితే?"

"అయినా వినబడిందన్నమాట."

"ప్రభుదాసు గారూ, ఇది ఫిర్యాదు. దీన్ని తీవ్రంగా పరిగణించాలి. కావాలంటే అతిశయోక్తి అని రాసివ్వండి. దూరం కొట్టేసి ఫైలు మూసేస్తాను."

ప్రభుదాసు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదలు.

"దూరం మాత్రం కొట్టెయ్యకండమ్మా," అన్నాడు. "మిగతాది మీ ఇష్టం."